ఊరికే వచ్చిన బొమ్మలు

మా ఆళ్లగడ్డలో ఒక రైతు తన పొలం పక్కన ఉన్న రైలును తీసేయమని నా దగ్గరికి వచ్చాడు. రైల్వే వాళ్ల దగ్గరికి కాదు, మండలాఫీసుకు కాదు, బస్టాండు వెనక సందులో ఉన్న నా నెట్ సెంటరుకు. నిజంగానే వచ్చాడు, నిజంగానే తీయించుకుని వెళ్లాడు. తీసింది నేను కాదు, ఒక టీచరమ్మ. ఆ పొలాన్నీ ఆ రైలునూ కంప్యూటరు తెర మీద పెట్టింది కూడా ఆమే. ఊళ్లో మాత్రం అవన్నీ నేను తయారు చేశాననుకున్నారు. అక్కడితో ఆగినా బాగుండేది. నేను తయారు చేసినవాటిని ఆమె దొంగతనంగా నంద్యాలకు తీసుకుపోయిందని కూడా అనుకున్నారు. ఇప్పటికీ అనుకునేవాళ్లు ఉన్నారు.

ఆమె దొంగ కాదు. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను. కానీ రాయడానికి కూర్చుంటే ఆ మాట కంటే ముందు ఆ గది గుర్తుకొస్తోంది. గది సంగతి చెప్పకుండా ఈ మాట చెప్పడం నాకు చేతకావడం లేదు.

పొడుగ్గా, ఇరుగ్గా, రైలుపెట్టెలా ఉండే గది. గోడ వెంబడి బల్లలు, బల్లల మీద పాత కంప్యూటర్లు. గోడ అవతల ఒక శిల్పి షెడ్డు. ఆళ్లగడ్డలో రాయి చెక్కే చప్పుడు వినపడని వీధులు తక్కువ. పొద్దున మొదలైతే ఉలి టకటకలు సాయంత్రం దాకా గోడలోంచి వస్తూనే ఉండేవి. చప్పుడుతో పాటు దుమ్మూ వచ్చేది. మెత్తటి రాతిపొడి కీబోర్డు సందుల్లో, ఫ్యాను రెక్కల మీద, కుర్చీల మీద పేరుకునేది. కంప్యూటరు డబ్బాలు విప్పి బ్లోయరుతో ఊదితే సందులోకి పొగలా లేచేది.

"ఏమప్పా, నా రాయంతా నీ కంప్యూటర్లలోనే ఉండాది. కూడేస్తే ఇంకో బొమ్మ అయితాది" అనేవాడు శిల్పి, గుమ్మంలో నిలబడి.

"నీ దేవుళ్లు నా మదర్‌బోర్డులు తింటాండారప్పా. నైవేద్యం తగ్గించమని చెప్పు" అనేవాణ్ని నేను.

ఆయన నాకంటే కొంచెం పెద్దవాడు. పొద్దున పని మొదలుపెట్టే ముందు ఇద్దరం కలిసే ఉగ్గాని, బజ్జీ తినేవాళ్లం. నాకోసం ఎవరితోనైనా గొడవ పడగల మనిషి. అలాంటి స్నేహితుడు ఉండడం అదృష్టమే. దానిని నేను ఎలా వాడుకున్నానో ముందు ముందు చెబుతాను.

చేతిలో ఫోను పట్టుకుంటే అన్నీ వచ్చే రోజులు కావవి. పరీక్ష ఫలితమైనా, రైలు టికెట్టయినా, పొలం కాగితమైనా నెట్ సెంటరుకు రావాల్సిందే. వచ్చినవాళ్లకు కంప్యూటరు ముందు కూర్చోవడమే కష్టం. వెబ్‌సైట్ అడ్రసు ఎక్కడ కొట్టాలో తెలియదు. వెతికే గడిలో కొడతారు. అది ఇంకేవో పేజీలు తెచ్చి పెడుతుంది. వాటిలో ఒకదాన్ని నొక్కుతారు. నొక్కగానే తెర పైభాగంలో అడగని టూల్‌బారు పట్టీ ఒకటి వచ్చి అతుక్కుంటుంది. అలా అతుక్కున్న పట్టీలు పెరిగి పెరిగి, ఒక కంప్యూటరులో అసలు పేజీ కనపడడానికి జానెడు చోటు కూడా మిగల్లేదు. "ఇంతమంది అద్దెకుంటే ఇంటాయప్ప యాడ కూచోవాల?" అని శిల్పి నవ్వాడు.

టీచరమ్మ అలాంటి రోజుల్లోనే వచ్చింది. వాళ్లది రుద్రవరం. వాళ్ల నాయన చర్చి వాళ్ల బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఈమె ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు స్కూల్లో చెబుతూ, దూరవిద్యలో కంప్యూటరు కోర్సు చదివేది. సాయంత్రం బడి అయిపోయాక నా సెంటరుకు వచ్చేది. కూర్చునే ముందు కుర్చీ మీది రాతిదుమ్మును చేతిరుమాలుతో తప్పకుండా దులిపేది. తన చదువు తను చదువుకుని, తర్వాత పక్కవాళ్ల అవస్థ చూడలేక వాళ్లకు సాయం చేసేది. నేను చెప్పకుండానే ఆ గదిలో సగం బరువు ఆమె మోయడం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం ఏదో డౌన్‌లోడు పెట్టి కూర్చుంది. నెట్ నత్తనడక. అది పూర్తయ్యాక నన్ను పిలిచింది. తెర మీద ఒక చిన్న రైలు బొమ్మ కనపడింది. నొక్కింది. రైలు టికెట్ల సైటు తెరుచుకుంది. కానీ పైన అడ్రసు గడి లేదు, బాణాలు లేవు, పట్టీలు లేవు. ఆ సైటు ఒక్కటే, కడిగిన పలకలాగా.

"ఏందిది టీచరమ్మా?"

"కొత్తదన్నా. సైటు అడ్రసు, దానికో పేరు, ఒక బొమ్మ ఇస్తే చాలు. తెర మీద తెచ్చి పెడ్తాది. బొమ్మ నొక్కితే అదొక్కటే తెరుచుకుంటాది. అడ్రసు కొట్టే పనే లేదు."

"ఎంతంట?"

"ఊరికే."

"ఊరికేనా?"

"ఊరికేనన్నా. యెవురైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కోళ్లకు ఇయ్యొచ్చు అని రాసిండాది."

"ఊరికే యెవురిస్తారమ్మా? యాడో మెలికుంటాది చూడు."

"దేవుడు వాన ఊరికే ఇయ్యడంలేదా?"

"మన పక్క ఇస్తాండాడా?"

ఆమె నవ్వి, మెలిక లేదని చూపించడానికి అక్కడున్న ఇంగ్లీషును ఒక్కో వాక్యమే తెలుగులో చెప్పింది. ఎక్కడెక్కడి మనుషులో, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు, కలిసి రాసి అందరికీ వదిలేసిన ప్రోగ్రామది. దాని పేరు నాకు సరిగా పలకడం కూడా వచ్చేది కాదు. మేం దాన్ని 'బొమ్మలు' అనే అన్నాం.

తర్వాత కొన్నాళ్లు ఆమె బొమ్మలు గీసే పనిలో పడింది. ఆ ప్రోగ్రాము ఇచ్చే గుర్తులు ఎవరికీ అర్థం కావని పెయింట్‌లో తనే గీసేది. పేర్లు కూడా సైటు వాళ్లు పెట్టినవి కాదు, మన జనం అనే మాటలు. రైలు. రిజల్టు. కరెంటు. గ్యాసు. తిరుమల దర్శనం టికెట్లకు 'కొండ'. దాని మీద నామం గీయమని నేనన్నాను.

"వంకర పోతే మీవాళ్లు ఊరుకోరన్నా. నేను కొండే గీస్తా" అంది.

పొలానికి మొదట పచ్చటి చతురస్రం గీసింది. గుమ్మంలోంచి చూసిన శిల్పి లోపలికి వచ్చేశాడు. "మన పక్క పొలం పచ్చగ యెప్పుడుంటాదమ్మా? నల్లగ పుయ్యి. ఇది నల్లరేగడి." ఆమె నల్లగా పూసింది. "ఆ పక్కన ఒక గట్టు పెట్టు. గట్టు లేకుంటే తగువులొస్తాయి." గట్టు కూడా పెట్టింది. రాయి చెక్కే మనిషి, చాక్‌పీసు పట్టే మనిషి తెర మీద మొహాలు పెట్టి, గట్టు ఎంత మందంగా ఉండాలో వాదించుకోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

చదువు రానివాళ్లు కూడా బొమ్మ చూసి వేలు పెట్టి చూపించేవాళ్లు. "ఆ నల్లది నొక్కప్పా" అనేవాళ్లు. ఒక్కో బొమ్మ విడివిడిగా తెరుచుకోవడంవల్ల ఒకటి బిగుసుకుపోయినా మిగతావి ఆగేవి కావు. మా పాత కంప్యూటర్లకు అదే పెద్ద ఊరట.

ఆ రోజుల్లోనే నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు కొత్త రైలుమార్గం పని జరుగుతోంది. కోయిలకుంట్ల పక్క కొందరి భూములు దానికిందికి పోయాయి. ఎవరి చేలో గీత పడుతుందోనని రైతులకు దిగులు. మొదట్లో చెప్పిన ఆ పెద్దాయన పొలం కూడా ఆ పక్కదే. కూతురు ఆళ్లగడ్డలో ఉంటే చూడటానికి వచ్చి, పనిలో పనిగా పొలం కాగితం తీయించుకుందామని నా దగ్గరికి వచ్చాడు.

"ఈ నల్లది నా పొలమేనా నాయనా?"

"అదే పెద్దాయనా. దాన్ని నొక్కితే నీ కాయితం వస్తాది."

"మరి పక్కన ఇదేంది?"

"రైలు."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "రైలు మా చేనుకు ఆనుకోని పోతాదని యెవురు జెప్పినారు నీకు? సర్వేవోళ్లు ఇంగా తేల్చనే లేదు, నువ్వెట్ల ఏసినావు?"

అది బొమ్మ మాత్రమేనని చెప్పాను. ఆయన వినలేదు. కాగితం దీంట్లోంచే వస్తుంది కదా, మరి రైలు రాదని నమ్మకమేంటి అన్నాడు. నాకు నవ్వు వస్తోంది. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. వచ్చి మౌస్ పట్టుకుని రైలు బొమ్మను పక్కకు జరిపింది.

"ఈడుంటే సరిపోతాదా తాతా?"

"ఇంగొంచెం జరుపు."

"ఈడ?"

"ఇంగా పో. ఆ మూల. ఆ బుట్టేంది?"

"చెత్తబుట్ట తాతా."

"ఆఁ, దాని పక్కన ఉండనీ. సరిపోయింది."

పొలం తెర మధ్యలో ఒంటరిగా మిగిలింది. ఆయన తృప్తిగా దాన్ని కాసేపు చూసుకుని, కాగితం తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ వస్తే చూసుకుంటాడని టీచరమ్మ అన్ని కంప్యూటర్లలోనూ రైలును చెత్తబుట్ట పక్కకే మార్చింది.

ఇక నా సంగతి. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు గది నిండా పిల్లలు, సందు నిండా తల్లిదండ్రులు. ఊళ్లో మిగతా సెంటర్లలో కంప్యూటర్లు బిగుసుకుపోతే జనం మా దగ్గరికి వచ్చారు. టీచరమ్మ ఆ రోజు తన స్కూల్లో ఉంది. ఎవరో అడిగారు, "ఇదేందన్నా, ఈ బొమ్మలు యాడా లేవే? యెవురు చేసినారు?" అని.

"మేమే చేసినాంలే" అన్నాను.

'మేము' అన్నాను కదా, అబద్ధం కాదనుకున్నాను. ఆ మాటలో ఆమె కూడా ఉందని నా మనసుకు నేను చెప్పుకున్నాను. కానీ మనవాళ్లు ఒంటరిగా ఉన్నా మేము అంటారు. విన్నవాళ్లకు నేనొక్కణ్ణే కనపడ్డాను. పైగా బొమ్మలు గీయడం వేరు, ఆ ప్రోగ్రాము రాయడం వేరు. ఆ తేడా అడిగేవాళ్లు లేరు, చెప్పాల్సిన నేను చెప్పలేదు.

మర్నాడు శిల్పి నా ఫోటో అడిగి తీసుకున్నాడు. ఎందుకో చెప్పలేదు. రెండు రోజుల తర్వాత సందు మొదట్లో ఫ్లెక్సీ లేచింది. నా మొహం మనిషంత ఎత్తున. 'సొంతంగా సాఫ్ట్‌వేర్ తయారుచేసిన ఆళ్లగడ్డ ముద్దుబిడ్డకు అభినందనలు.' కింద సందులోని దుకాణాలవాళ్లందరి ఫోటోలు, శిల్పిది అందరికంటే పెద్దది.

"యెట్లుండాది?" అన్నాడు, ఉలి పట్టుకునే చేత్తో నా భుజం కొట్టి.

అప్పుడే చెప్పాల్సింది. ఆయన సంతోషం చూసి చెప్పలేకపోయానని చాలాకాలం అనుకున్నాను. నిజానికి నాకు ఆ ఫ్లెక్సీ నచ్చింది. టీ తాగడానికి పోయినప్పుడు కావాలనే ఆ దారిన పోయేవాణ్ని.

టీచరమ్మ దాన్ని చూసి నవ్వేసింది. "ఫోటో బాగ పడిందన్నా" అంది. ఊరికే వచ్చినదానికి పేరు ఎవరిదైతేనేం అనుకుందేమో. నాకు మాత్రం ఆ నవ్వుతో అనుమతి దొరికినట్టయింది.

ఆ ఏడే ఆమెకు నంద్యాలలో ఒక స్కూల్లో కంప్యూటరు టీచరుగా ఉద్యోగం వచ్చింది. అప్పటిదాకా ఆమె చెప్పింది తెలుగు. కోర్సు చదివింది మాత్రం ఈ ఉద్యోగం కోసమే. ల్యాబు తాళాలు తన చేతికే ఇచ్చారని ఎంత మురిసిపోయిందో. వెళ్లే ముందు, "అన్నా, ఆ బొమ్మలు తీసుకపోతా. పిల్లోళ్లకు చూపిస్తా" అంది. ఆమె పెన్‌డ్రైవ్‌లో ప్రోగ్రామునూ, బొమ్మలన్నింటినీ వేసి ఇచ్చింది నేనే. నా చేతులతోనే వేశాను. ఈ వాక్యం ఆ రోజుల్లో ఊళ్లో ఒక్కరికి చెప్పినా సరిపోయేది.

కొన్నాళ్లకు శిల్పి ఒక విగ్రహం దించడానికి నంద్యాల పోయాడు. స్టేషను దగ్గర ఒక నెట్ సెంటర్లో నల్ల పొలం, చెత్తబుట్ట పక్కన రైలు కనపడ్డాయి. తను చెప్పి పెట్టించిన గట్టుతో సహా. ఎక్కడివని అడిగితే టీచరమ్మ ఇచ్చిందన్నారు. ఆ సెంటరు టీచరమ్మ చుట్టాలది. తిరిగొచ్చి నేరుగా నా గదిలోకి దూరాడు.

"ఆయమ్మ నీ సాఫ్ట్‌వేరు ఎత్తకపోయిందప్పా! నంద్యాలలో దర్జాగా పెట్టుకున్నారు. నీకు చెప్పి తీసకపోయిందా?"

గదిలో జనం ఉన్నారు. అందరూ నావైపు తిరిగారు. ఉన్నది ఉన్నట్టు చెబితే ఫ్లెక్సీ కూలిపోతుంది. దొంగిలించిందని చెప్పడానికి నోరు రాదు. రెంటికీ మధ్య ఒక మాట దొరికింది.

"పోనీలేప్పా" అన్నాను.

ఎంత మంచి మాట అది! ఎంత పెద్దమనిషి మాట! చేసిన తప్పును క్షమించేటప్పుడు అనే మాట. ఆమె చేయని తప్పును నేను అందరి ముందూ క్షమించేశాను. దొంగ అని నా నోటితో నేను అనలేదు. అవసరం లేకపోయింది.

శనివారం ఆమె రుద్రవరం పోవడానికి ఆళ్లగడ్డలో బస్సు మారేది. శిల్పి బస్టాండులో ఆమెను నిలబెట్టి, నలుగురూ వింటుండగా, నీడనిచ్చిన చోటే చేయి పెడతావా అని అడిగాడు. ఇంకా చాలా అన్నాడు. ఆయన గొంతు పెద్దది. వెనక సందులో ఉన్న నాకు కొన్ని మాటలు వినపడ్డాయి. నేను లేవలేదు.

ఆమె అక్కణ్ణుంచి నా దగ్గరికే వచ్చింది. శిల్పి వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నా, నన్ను దొంగంటాండారు. నువ్వే గదా పెన్‌డ్రైవ్‌లో ఏసిచ్చింది. అది ఊరికే వచ్చింది గదా. నువ్వైనా చెప్పు."

ఇంత సూటిగా అడిగింది. నేను శిల్పి వైపు చూశాను.

"పోనీలే టీచరమ్మా. జరిగిందేదో జరిగింది. యెవురూ ఏమనుకోరులే" అన్నాను.

"నేనేం అడిగినా, నువ్వేం చెప్తాండావు?" అంది.

కుర్చీ దులపలేదు, కూర్చోలేదు. రుద్రవరం బస్సు హారను కొడితే వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక శిల్పి, "నీది శానా పెద్ద మనసప్పా" అన్నాడు.

ఆ మాట నంద్యాలకు కూడా చేరినట్టుంది. ఆమె స్కూలు పెద్దాయన నాకు ఫోను చేశాడు. మీ సాఫ్ట్‌వేరు మా ల్యాబులో ఉందట, అభ్యంతరమైతే తీసేయిస్తామని మర్యాదగా అడిగాడు. "పోనీలెండి సార్, తెలీక చేసింటాది" అన్నాను. మూడోసారికి ఆ మాట నా నోటికి అలవాటైపోయింది.

తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. ఫలితాలు, టికెట్లు, పొలాలు జేబుల్లోకి పోయాయి. నా గది జిరాక్సు అంగడైంది. ఫ్లెక్సీ ఎండకు వెలిసిపోతే శిల్పి దాన్ని తీసి తన షెడ్డు ముందు నీడకు కట్టుకున్నాడు. కొన్నేళ్లపాటు దేవుళ్లందరూ నా మొహం కిందే తయారయ్యారు. ఒక గాలివానకు అది చిరిగిపోయింది. నాకు కొంచెం హాయిగా అనిపించింది. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

ఈ మధ్య ఆ గది ఖాళీ చేశాను. మూలనున్న పాత కంప్యూటరును తీసేసే ముందు ఒకసారి పెట్టి చూశాను. చాలాసేపు మూలిగి, తెరుచుకుంది. మధ్యలో నల్ల పొలం, గట్టు. దూరంగా చెత్తబుట్ట పక్కన రైలు. కొండ, వంకర లేకుండా. పొలాన్ని నొక్కాను. ఖాళీ కిటికీ ఒకటి తెల్లగా తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆ ప్రోగ్రామును రాసేవాళ్లు ఎప్పుడో ఆపేశారు. కీబోర్డు మీద రాతిదుమ్ము మందంగా ఉంది. నేను దాన్ని చేతిరుమాలుతో దులుపుతున్నానని కాసేపటికి గాని గమనించలేదు.

మర్నాడు నంద్యాల బస్సెక్కాను.

జిల్లా కేంద్రం అయ్యాక నంద్యాల బాగా పెరిగింది. ఆమె ఇల్లు మాత్రం చర్చి వెనక సందులో పాత చోటే. అదే స్కూలు. జుట్టు నెరిసింది. పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చుని ఉంది. నన్ను చూసి గుర్తుపట్టి, కుర్చీ జరిపింది. టీ ఇచ్చింది. కంప్యూటరు సంగతి చెప్పాను.

"రైలు ఇంగా చెత్తబుట్ట పక్కనే ఉండాదా?" అంది.

"ఆడే ఉండాది."

"నిజం రైలు ఆ తాత చేలోంచి పోయిందా అన్నా?"

"లేదంట. దూరంగానే పోయిందంట."

"చూసినావా. మనం జరిపినాం గాబట్టే" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ కాసేపు మేమిద్దరం ఆ రైలుపెట్టె లాంటి గదిలోనే ఉన్నాం.

తర్వాత ఆమే చెప్పింది. "నువ్వు ఫోన్లో మాట్లాడిన మర్నాడు ల్యాబు తాళాలు అడిగి తీసుకున్నారు. దొంగ అని అన్లేదు. తెలుగే చెప్పుకోమ్మా అన్నారు. అప్పుడు మొదలు తెలుగే చెప్తాండా. తెలుగేం తక్కువ గాదులే. కానీ ఆ గది ముందునుంచి పోయేటప్పుడు ఇప్పటికీ అటు చూడకుండ పోతా."

తప్పంతా నాదేనన్నాను. ఇంకా ఏదేదో అన్నాను. ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టి, నా మాటలు అయిపోయేదాకా ఆగింది.

"పోనీలే అనిపించుకోవాలని వచ్చినావా అన్నా? నేను అనను. ఆ మాట అంతా నువ్వే వాడేసుకున్నావు."

"మరి ఏం చేయమంటావు?" అన్నాను.

"చెప్పు."

"యెవురికి చెప్పాల?"

"ఊరికే" అంది, మళ్లీ పెన్ను తీస్తూ.

ఏదో విసుగుతో అన్నదనుకున్నాను. ఉత్తినే చెప్పు, దానివల్ల వచ్చేదేమీ లేదు అన్నట్టు. బస్సు సిరివెళ్ల దాటుతుండగా అర్థమైంది. నేను ఎవరికి అని అడిగాను. ఆమె జవాబు చెప్పింది. ఊరికి. ఏ ఊళ్లో దొంగ అనిపించుకుందో ఆ ఊరికే. ఇన్నేళ్లుగా తెలుగు చెబుతున్న మనిషి మాటను నేను అంత తేలిగ్గా ఎలా తీసుకున్నాను?

ఆళ్లగడ్డలో దిగి నేరుగా శిల్పి షెడ్డుకు పోయాను. ఆయన ఒక వినాయకుడి తొండం నునుపు చేస్తున్నాడు. మిషను ఆపమన్నాను. ఎదురుగా రాతిదిమ్మె మీద కూర్చుని మొదటినుంచి చెప్పాను. ప్రోగ్రాము నేను రాయలేదని, ఆమె తెచ్చిందని, ఎవరో ఊరికే ఇచ్చారని, పెన్‌డ్రైవ్‌లో వేసింది నేనేనని.

"ఆ ఫ్లెక్సీ కట్టించింది యెవురు?" అన్నాడు చివరికి.

"నువ్వు."

"బస్టాండులో ఆయమ్మను నోటికొచ్చినట్ల అన్నది యెవురు?"

"నువ్వే. కానీ నువ్వు తెలీక..."

"ఉండప్పా. నేనంటాంటే నువ్వు యాడుండావు?"

"గదిలో."

"ఇనపడిందా?"

"ఇనపడింది."

ఆయన లేచి తొట్టి దగ్గరికి పోయాడు. చేతులు, మోచేతులు, మొహం రాతిపొడి పోయేదాకా కడుక్కున్నాడు. లోపలికి పోయి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

"ఆయమ్మ ఇల్లు యాడ?"

చెప్పాను. "పా, నేనూ వస్తా" అన్నాను.

"నువ్వొద్దు. నువ్వు పక్కనుంటే ఆయమ్మ మొగమాటానికి నాతో పోనీలే అంటాది. నాకది వద్దు. నేను తిట్టించుకోవాల."

నా వైపు చూడకుండా సందులోకి నడిచాడు. నేను షెడ్డులో, సగం తొండం ఉన్న వినాయకుడి ముందు నిలబడిపోయాను. సందు మలుపులో టీ అంగడాయన పలకరించడం వినపడింది. శిల్పి గొంతు ఇప్పటికీ పెద్దదే. బస్టాండు దాకా పోతుంది.

"యాడికప్పా, చొక్కా మార్చినావు?"

"నంద్యాలకు. ఆ బొమ్మల టీచరమ్మ ఉండ్లా, ఆయమ్మ దొంగ గాదంటప్పా. ఆయమ్మ ఏమీ ఎత్తకపోలేదంట. అందరికీ చెప్పు."

"అవునా? ఇన్నాళ్లకు నీకెవురు చెప్పినారు?"

"దొంగే చెప్పినాడు లేప్పా."